మెల్లగా! లోపల పురుగులు తింటున్నాయి

నా బంగారు నాన్నకి,

అక్కడ మీరంతా బాగున్నారని అన్నయ్య నీ అల్లుడుగారికి ఫోన్లో చెప్పాడు కాబట్టి ఆ కుశలప్రశ్నలన్నీ దాటేస్తున్నాను. ఇన్నేళ్ళ తర్వాత ఉత్తరం వచ్చిందేమిటని కంగారు పడకు. కళ్ళజోడు పెట్టుకుని, తీరిగ్గా కూర్చుని చదువు. ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకు అంటావేమో. పిండిమర పుణ్యమా అని నీకు సగమే వినపడుతుంది, ఇప్పుడు నాకు సగం మాట కూడా రావడం లేదు. ఇక మనిద్దరం ఫోన్లో ఏం మాట్లాడుకుంటాం చెప్పు? పోనీ ఫోన్లోనే రాసి పంపుదామంటే అక్షరాలు చీమల్లా ఉన్నాయని విసుక్కుంటావు. అందుకే పిల్లలకి బోర్డు మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను.

నీ దగ్గర ఇన్నాళ్ళూ ఒక సంగతి దాచాం. నా మెడలో గడ్డ తీసిన ఆపరేషన్ బాగా జరిగిందని నీ అల్లుడుగారు చెప్పింది అబద్ధం కాదు. గడ్డ పోయింది, దానివల్ల ఇక భయం లేదని తేలింది కూడా. కానీ గొంతుకి వెళ్ళే సన్నని నరం ఒకటి పడకేసింది. ఒక్కోసారి అలా జరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పారు, ఆయన తప్పేమీ లేదు. "కొన్ని నెలల్లో తనంతట తనే లేవొచ్చమ్మా, లేవకపోనూ వచ్చు" అన్నారు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే గాలి ఎక్కువ, మాట తక్కువ. పక్కన కూర్చున్నవాళ్ళకి వినపడుతుంది. గుమ్మం దాకా వెళ్ళదు.

బళ్ళో పిల్లలు నన్ను మైకు టీచర్ అంటారని విని నువ్వెంత మురిసిపోయావో! మర చప్పుడు మీద నీకు వినపడాలని చిన్నప్పుడు "నాన్నా, అన్నానికి రా" అని అరిచి అరిచి తెచ్చుకున్న గొంతు కదా అది. నేను ఎక్కాలు చెబుతుంటే పక్క గదుల పిల్లలకి కూడా వచ్చేసేవి. వాళ్ళ టీచర్లు పైకి విసుక్కుంటూ లోపల సంతోషించేవారు. నాకేదో గొప్ప చదువుందని నేనెప్పుడూ అనుకోలేదు నాన్నా. ఆ గొంతుంది కాబట్టే నేను టీచర్నని అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

సెలవు అయిపోయి బడికి వెళ్ళిన మొదటిరోజు నా నాలుగో తరగతి పిల్లలు గోలగోలగా చుట్టుముట్టారు. "కూర్చోండి" అన్నాను. ముందు బెంచీ వాళ్ళు కూర్చున్నారు. మిగతావాళ్ళకి వినపడలేదు మరి. ఇంకాస్త గట్టిగా అనబోయాను. పొలమారి, దగ్గు తెర ముంచుకొచ్చి, కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి. బడి ఊడ్చే ఆయమ్మ మంచినీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పిల్లలు బిక్కచచ్చిపోయి కాసేపు నా మొహమే చూశారు. ఆ తర్వాత మళ్ళీ సంతే. నేను అరవబోవడం, దగ్గడం, ఆయమ్మ నీళ్ళు తేవడం, వారమంతా ఇదే తంతు. చివరికి మా హెడ్మిస్ట్రెస్, అందరం పెద్దమేడం అంటాం, నన్ను గదిలోకి పిలిచారు.

"నిన్ను ఆ క్లాసు నుంచి తీయడం నాకిష్టం లేదు. కానీ పిల్లల చదువు కూడా చూడాలిగా. నువ్వు లైబ్రరీ చూసుకో, క్లాసుకి కొత్తమ్మాయిని తీసుకుంటాను. నెలాఖరుకల్లా ఏ సంగతీ చెప్పు" అన్నారు. ఆవిడ నా కళ్ళలోకి చూడలేక బల్ల మీది పెన్నులు సర్దుతుంటే నాకే ఆవిడ మీద జాలేసింది.

లైబ్రరీకే వెళ్ళిపోదామని నిశ్చయించుకున్నాను నాన్నా. ఈ మాట ఇంకా నీ అల్లుడుగారికి కూడా చెప్పలేదు. చెబితే నడిరోడ్డు మీద బస్సు ఆపేసి, ప్రయాణికులతో సహా వచ్చి పెద్దమేడంతో గొడవేసుకుంటారు. పుస్తకాల మధ్య కూర్చుంటే గొంతుతో పని లేదు. ఎవరూ నా వైపు చెవి రిక్కించి, అర్థం కాక, అర్థమైనట్టు తలూపరు.

ఒక్క పని మాత్రం మిగిలింది. ఆపరేషన్‌కి ముందు పిల్లలకి మాటిచ్చాను, గొంగళిపురుగుల్ని తెచ్చి సీతాకోకచిలుకలయ్యేదాకా క్లాసులోనే పెంచుదామని. నిన్న ఆయన బస్సు డిపో వెనకున్న నిమ్మచెట్టు కొమ్మ ఒకటి విరుచుకొచ్చారు. ఆకుల మీద పిట్ట రెట్టల్లా నల్లగా, మధ్యలో తెల్లగా ఏవో ఉన్నాయి. దగ్గర పెట్టుకుని చూస్తే కదులుతున్నాయి. వీటిని పెంచి, ఎగరేసి, ఆ మర్నాడే క్లాసు అప్పజెప్పేస్తాను. మాట నిలబెట్టుకుని వెళ్ళిందనైనా అనుకుంటారు.

అన్నయ్యకి చెప్పకు, ఊరంతా చాటింపేస్తాడు. వదినకి చెప్పినా ఫరవాలేదు.

నీ
చిన్నమ్మాయి

•

నాన్నా, నా పిచ్చి నాన్నా,

నీ జవాబు అందింది. "మరలో ఉన్నన్నాళ్ళూ నేనెవరితో మాట్లాడానని? ఒక్కరైనా తప్పు పిండి పట్టుకెళ్ళారా? వేళకి అన్నం తిను." అంతేనా! కడుపులో బాధంతా కక్కుకుంటే అన్నం తినమంటావా అని కోపమొచ్చింది. ఆ కోపం మీదే బడికి వెళ్ళాను. ఇప్పుడు ఈ ఉత్తరం కోపంతో రాయడం లేదు. ఎందుకో చెబుతాను.

స్టోరు గదిలో పాత చేపల తొట్టి ఒకటుంటే కడిగించి కిటికీ పక్కన బల్ల మీద పెట్టాం. లోపల నీళ్ళ సీసాలో నిమ్మకొమ్మ, పైన దోమతెర గుడ్డ. మొదటిరోజే ఆయమ్మ వాటికి గండం తెచ్చిపెట్టబోయింది. "ఛీ ఛీ, ఆకుల నిండా రెట్టలేమిటమ్మా" అంటూ తడిగుడ్డతో తుడవబోతే మా లాయరు అడ్డంపడింది. లాయరంటే మా క్లాసులో ఒక పిల్ల. ఏం చెప్పినా "రుజువేది టీచర్?" అంటుంది కాబట్టి అందరూ అలా పిలుస్తారు. దాని రెండు జడలూ కూడా వాదిస్తున్నట్టే ఊగుతాయి. "ఆగు ఆయమ్మా, రెట్టకి కాళ్ళుంటాయా? చూడు!" అని ఆయమ్మ తలని తొట్టి దాకా వంచింది. ఆయమ్మ చూసి "ఓరి వీటి దుంపతెగ, మొహాలు కూడా ఉన్నాయే" అంది. ఆవేళ నుంచి తొట్టి అడుగున పడ్డ చెత్త తీసే పని ఆవిడే తీసుకుంది, అదీ పుట్టింటి పిల్లలకి చేసినంత మురిపెంగా.

అసలు సంగతి మర్నాడు జరిగింది. క్లాసు యథాప్రకారం సంత. బయట డ్రిల్లు మాస్టారు కిటికీ పక్కనే నిలబడి చెవులు చిల్లులు పడేలా ఈల ఊదారు. అప్పుడు నేను తొట్టి దగ్గరే ఉన్నాను. ఆకు కొరుకుతున్న పురుగులన్నీ ఒక్కసారి తినడం మానేసి, తలలెత్తి బిగుసుకుపోయాయి. పిల్లల్ని దగ్గరికి పిలిచి, "చప్పుడైతే వీటికి తిండి సహించడం లేదర్రా" అన్నాను.

"రుజువేది టీచర్?" అంది లాయరు.

గట్టిగా చప్పట్లు కొట్టాను. మళ్ళీ అన్నీ బిగుసుకుపోయాయి. పిల్లల నోళ్ళు తెరుచుకుపోయాయి. అవి తిరిగి తినడం మొదలుపెట్టేదాకా ఒక్కరూ ఊపిరి తీసుకోలేదంటే నమ్ము. ఆ నిశ్శబ్దంలో నా గాలిమాట వెనక బెంచీ దాకా వెళ్ళింది! ఎన్ని రోజుల తర్వాతో! ఎక్కడ ఆగిపోయిన పాఠమో అక్కణ్ణించి ఎత్తుకుని గంట కొట్టేదాకా చెప్పాను. చెబుతూ చెబుతూ నీ ఉత్తరంలో ముక్క గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

నీ మర సైగలన్నీ పిల్లలకి నేర్పేశాను నాన్నా. నువ్వు పిడికిలెత్తితే మర ఆపమని కదా, ఇక్కడ చేస్తున్న పని ఆపమని. అరచెయ్యి బోర్లిస్తే నెమ్మదిగా అని. రెండు చేతులూ రుద్దితే ఇంకాస్త మెత్తగా పట్టమని నువ్వనేవాడివి, నేనేమో లెక్క తప్పింది, మళ్ళీ చెయ్యమంటున్నాను. భుజం తడితే బస్తా ఎత్తమని, మాకు పుస్తకాలు తియ్యమని. పిల్లలు నాకంటే ముదుర్లు. వాళ్ళే కొత్తవి కనిపెట్టి, అన్నం తినేటప్పుడు కూడా సైగలే. బొండాం అని ఒక బొద్దు పిల్లాడున్నాడు, మా క్లాసు గోలకి వాడే పెద్దదిక్కు. వాడికి నోరు మూసుకోవడం ప్రాణసంకటం. తప్పనిసరిగా చెప్పాల్సింది వస్తే వసారాలోకి పరుగెత్తి అక్కడ అరిచేసి లోపలికొస్తున్నాడు. తలుపు మీద అట్టముక్క కూడా తగిలించారు: "మెల్లగా! లోపల పురుగులు తింటున్నాయి." డ్రిల్లు మాస్టారు పాపం ఈల జేబులో వేసుకుని మా కిటికీ ముందు పిల్లిలా నడుస్తున్నారు.

పురుగులు ఆకుపచ్చగా మారి నా చిటికెనవేలంత అయ్యాయి. ముట్టుకుంటే తలలోంచి నారింజరంగు కొమ్ములు బయటపెట్టి గుప్పున వాసన కొడతాయి. తిండికి మాత్రం లోటు చేయకూడదు, ఒక పూట ఆకు తగ్గితే కాడలు కూడా వదలవు. నీ అల్లుడుగారు డ్యూటీ దిగి రోజూ కొమ్మలు కోసుకొస్తున్నారు. బస్సంతా నిమ్మవాసన, ఎక్కినవాళ్ళంతా ఏం సబ్బు వాడారని అడుగుతున్నారట. ఎండలో నిలబడి చెయ్యంతా ముళ్ళు గీసుకుపోయేలా కోసుకొచ్చే ఆ మనిషి దగ్గర నేనొక మాట దాచాను. అది నన్ను తినేస్తోంది.

మొన్న సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. నరం ఇంకా లేవలేదు. ఆ రోజు క్లాసుని ఆయమ్మ చూసుకుంది. మర్నాడు వెళ్ళేసరికి పిల్లలు మరీ బుద్ధిమంతులై కూర్చున్నారు, నాకే వింతగా అనిపించింది.

ఇంత సంతోషంలోనూ నా నిశ్చయం మారలేదు. ఈ నిశ్శబ్దం నాకోసం కాదు నాన్నా, పురుగుల కోసం. అవి ఎగిరిపోతే ఇదీ ఎగిరిపోతుంది. మళ్ళీ గోల, మళ్ళీ నా దగ్గు. ఇంత మంచి రోజులు చూశాక ఆ రోజుల్లోకి తిరిగి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

వేళకే అన్నం తింటున్నాను.

నీ మాట వినే
చిన్నమ్మాయి

•

నాన్నకి, ప్రేమతో,

పురుగులన్నీ గూళ్ళు కట్టేశాయి. కొమ్మకి తోక ఆనించి, నడుముకి సన్నని దారం బిగించుకుని వెనక్కి వాలి పడుకున్నాయి. కొన్ని పచ్చగా ఉన్నాయి, ఎండుపుల్లకి కట్టుకున్నవి గోధుమరంగులో ఉన్నాయి. తిండి లేదు, కదలిక లేదు. పిల్లలు మాత్రం తలుపు మీది అట్టముక్క తిప్పి, వెనకవైపు "నిద్రపోతున్నాయి" అని రాశారు. ఎవరూ గొంతెత్తలేదు.

నీ అల్లుడుగారికి చెప్పేశాను. గొడవ చేస్తారనుకున్నానా, చెయ్యలేదు. నా పక్కన కూర్చుని, ముళ్ళు గీసిన చేతులు చూసుకుంటూ, "నీకెలా బాగుంటే అలా చెయ్యి. కానీ వాళ్ళ గురించి చెప్పేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలీదు, నాకు తెలుసు" అన్నారు. లేచి వెళ్ళి గిన్నెలన్నీ తోమేశారు. గొడవేసుకున్నా బాగుండేది.

గురువారం పొద్దున్న మొదటి గూడు పగిలింది. నలిగిపోయిన గుడ్డపీలికలా బయటికొచ్చి, పుల్ల పట్టుకుని వేలాడుతూ, చూస్తుండగానే రెక్కలు నిండాయి. నలుపు మీద పసుపు చుక్కలు, కింద ఇటుకరంగు బొట్లు. పిల్లలు చప్పుడు లేకుండా ఏడ్చినంత పనిచేశారు. ఒక్కొక్కటే వచ్చాయి. ఒక గూడు మాత్రం నల్లబడిపోయింది, అందులోంచి ఏమీ రాలేదు. బొండాం దాన్ని మొక్కల పాదులో పూడ్చిపెట్టి చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం దోమతెర తీసేశాం. అన్నీ వెళ్ళిపోయాయి. చివరిది లాయరు జడ మీద కాసేపు వాలి, దాని నోరు కూడా మూయించి మరీ వెళ్ళింది.

సాయంత్రం పెద్దమేడం దగ్గరికి వెళ్ళి, సోమవారం నుంచి లైబ్రరీకి వస్తానని చెప్పేశాను. "కొత్తమ్మాయిని రమ్మంటాను, నువ్వే అప్పజెప్పు" అన్నారు. క్లాసుకి తిరిగొచ్చి ఖాళీ తొట్టి నేనే కడిగాను. ఆయమ్మ చేస్తానన్నా ఇవ్వలేదు.

నాన్నా, నాకు దిగులుగా ఉంది. అయినా ఒకటి చెప్పాలి. ఈ మంచి రోజులు నాకు దొరికాయి, దొరక్కపోయినా నేను అడిగేదాన్ని కాదు. నీ సైగలకి, ఆయన కోసుకొచ్చిన కొమ్మలకి, ఆయమ్మకి, ఆ పిల్లలకి, చివరికి ఆ పురుగులకి కూడా రుణపడ్డాను. ఇంతకంటే ఆశపడకూడదని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

నీ
చిన్నమ్మాయి

•

నాన్నా! నాన్నా! నాన్నా!

కూర్చున్నావా? వదినని పిలువు, తనూ వింటుంది, గట్టిగా చదివి పెట్టు.

సోమవారం పొద్దున్నే క్లాసుకి వెళ్ళాను, సామాను సర్దుకుని, పిల్లలకి నాలుగు మాటలు చెప్పి వచ్చేద్దామని. బడంతా హోరెత్తిపోతోంది. మా గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపల ఎవరూ లేరనుకున్నాను. తలుపు తోస్తే అందరూ ఉన్నారు. సైగలతో మాట్లాడుకుంటున్నారు. తొట్టి ఖాళీ, బోర్లించి ఉంది. సెలవుల్లో అలవాటు వదల్లేదు కాబోలు, మధ్యాహ్నానికి సర్దుకుంటుందిలే అనుకుని నా పుస్తకాలు తీసుకుంటున్నాను. ఇంతలో పెద్దమేడం కొత్తమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చారు. చూడచక్కని పిల్ల, హుషారుగా ఉంది. గుమ్మంలోంచే ఖంగున, "గుడ్ మార్నింగ్ పిల్లలూ!" అంది. అచ్చం ఒకప్పటి నా గొంతే.

క్లాసు క్లాసంతా లేచి నిలబడి, ఆ అమ్మాయి వైపు అరచేతులు బోర్లించి చూపించారు. నెమ్మదిగా అని.

పెద్దమేడంకి నవ్వొచ్చింది. "ఇంకా ఎందుకర్రా? మీ పురుగులు వెళ్ళిపోయాయిగా" అన్నారు.

లాయరు లేచింది. "పురుగుల కోసం కాదు మేడం."

"మరి?"

"పురుగులు ఎప్పుడో అలవాటు పడిపోయాయి మేడం. టీచర్ డాక్టర్ దగ్గరికెళ్ళిన రోజు మేం టిఫిన్ డబ్బా మూతలు వాయించి చూశాం. ఫస్ట్ బిగుసుకుపోయాయి. తర్వాత ఎంత వాయించినా తింటూనే ఉన్నాయి. అస్సలు పట్టించుకోలేదు. ఆయమ్మ సాక్షి."

వసారాలో చీపురు పట్టుకుని నిలబడ్డ ఆయమ్మ అటు తిరిగిపోయింది. నేను చేతిలో పుస్తకాలు తిరిగి బల్ల మీద పెట్టేశాను.

"మరి మీ టీచర్‌కెందుకు చెప్పలేదు?" అన్నారు పెద్దమేడం.

"చెప్తే అందరూ మళ్ళీ గోల చేస్తారు మేడం. టీచర్ మళ్ళీ గట్టిగా అరవబోతారు. మళ్ళీ దగ్గొచ్చి, కళ్ళమ్మట నీళ్ళొచ్చి... అది మాకు బాగోలేదు. అందుకని చెప్పొద్దని ఓట్లేసుకున్నాం. బొండాం ఒక్కడే ముందు ఒప్పుకోలేదు."

"తర్వాత ఒప్పుకున్నాగా!" అని బొండాం గుసగుసగా గింజుకున్నాడు.

ఇన్నాళ్ళూ నేను పురుగులకి కాపలా కాస్తున్నాననుకున్నాను నాన్నా. వాళ్ళు నాకు కాశారు. అదీ నాకు తెలియకుండా, నేను చిన్నబుచ్చుకోకుండా. అంత గోల చేసే ప్రాయంలో నోరు కట్టుకుని! ఏడుపు ఆగలేదు, ఆపుకోలేదు కూడా. ఏడ్చేటప్పుడు కూడా చప్పుడు రాకపోతే ఎంత చిత్రంగా ఉంటుందో నీకు తెలీదు. కొత్తమ్మాయి తన చేతిరుమాలు ఇచ్చింది.

పెద్దమేడం వైపు తిరిగి, "నేను లైబ్రరీకి వెళ్ళను" అన్నాను. ఏడుపులో నా గాలి కూడా సరిగ్గా రాలేదు.

"ఏమన్నావమ్మా? వినపడలేదు" అన్నారావిడ.

మళ్ళీ అనబోయేలోపు ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి చెప్పింది. అది రెండో బెంచీకి, అక్కణ్ణించి వెనక్కి పాకింది. ఆ తర్వాత అందరూ కలిసి, గది పైకప్పు లేచిపోయేలా అరిచారు:

"లైబ్రరీకి వెళ్ళనంటున్నారు మేడం!"

పక్క గదుల టీచర్లు పరుగెత్తుకొచ్చారు. డ్రిల్లు మాస్టారు మైదానంలోంచి ఏమైంది ఏమైందని కేకలు. బొండాం మిగతావాళ్ళంతా ఆపేశాక కూడా ఇంకోసారి అరిచాడు, ఇన్నాళ్ళ బాకీ తీర్చుకోవాలిగా. పెద్దమేడం చెవులు మూసుకుని, "వినపడింది తల్లీ, వినపడింది" అన్నారు. కళ్ళు తుడుచుకుంటూ కొత్తమ్మాయి భుజం మీద చెయ్యేశారు. "రామ్మా, నీకు ఐదో తరగతి చూపిస్తాను. అక్కడ ఈ గొంతు అవసరం చాలా ఉంది."

సాయంత్రం ఈయనకి చెబితే నా మొహం చూసి నవ్వారు, అంతే. నా మొహం ఎలా ఉందో ఈసారి నాకూ తెలిసింది.

డాక్టరుగారు వచ్చే నెల రమ్మన్నారు. నరం లేస్తుందో లేదో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. గొంతు వస్తే సంతోషమే నాన్నా. రాకపోయినా రేపు పొద్దున్న నాకు క్లాసుంది.

ఎన్ని జన్మలెత్తినా నీ కూతురే కావాలనుకునే
నీ చిన్నమ్మాయి